పిల్లి దారి చూశాకే సెన్సర్

దసరా సెలవులు దగ్గరపడితే సిద్దిపేట కాలనీల్లో గోడ మీదుగా వినిపించే మాట ఒకటుంది. "అక్కా, మేం ఊరికి పోతున్నం. ఇల్లు జర చూస్తుండుండ్రి." పోలీసులు పండుగల ముందు చెప్పేదీ దాదాపు అదే. ఊరెళ్తే స్టేషన్లో ఒక మాట చెప్పండి, నగలూ నగదూ ఇంట్లో ఉంచకండి, తలుపుకు వేసిన తాళం కప్ప రోడ్డు మీదికి కనబడనివ్వకండి అంటారు. 2016 అక్టోబరు 11న, సరిగ్గా దసరా నాడే, ఈ ఊరు జిల్లా కేంద్రమైంది. అప్పట్నుంచి కొత్త ప్లాట్లు, కొత్త ఇండ్లు లేస్తూనే ఉన్నాయి. "అక్కా" అని పిలుద్దామంటే పక్కింట్లో ఇంకా ఎవరూ దిగని వీధులూ ఉన్నాయి. అలాంటి చోట ఇంట్లో మోషన్ సెన్సర్ పెట్టుకోవడం తెలివైన పనే. కుక్కా పిల్లీ లేని ఇల్లయితే ఈ అధ్యాయం ఇక్కడితో అయిపోయేది.

ఉంటే కథ వేరు. రాత్రి ఒంటిగంటకు పిల్లి సజ్జ మీంచి డైనింగ్ టేబుల్ మీదికి దూకుతుంది. సైరన్ మోగుతుంది. మొదటిసారి ఇంటిల్లిపాదీ లేస్తారు. రెండో రాత్రి ఇంటాయన ఒక్కడే లేస్తాడు, అదీ గొణుక్కుంటూ. మూడో రాత్రి మంచం మీంచే ఫోన్లో నొక్కి ఆపేస్తాడు. నాలుగో రోజు నుంచి సెన్సర్ గోడకు ఉంటుంది గానీ ఆన్‌లో ఉండదు. అచ్చంగా నాన్నా పులి కథ, కాకపోతే ఇందులో అబద్ధమాడినవాళ్ళెవరూ లేరు. కదలిక నిజంగానే ఉంది, సెన్సర్ ఉన్నదే చెప్పింది. జంతువులున్న ఇంట్లో దొంగకన్నా ముందు భయపడాల్సింది ఈ నాలుగో రోజుకు. అది రాకుండా ఉండాలంటే సెన్సర్ కొనకముందే చేయాల్సిన పని ఒకటుంది: మీ ఇంట్లో మీ జంతువు ఎటు తిరుగుతుందో, ఎంత ఎత్తు ఎక్కుతుందో చూడడం. చాలామంది ఉల్టా చేస్తారు. ముందు ఆఫర్లో వచ్చిందని కొంటారు, తర్వాత పిల్లిని తిడతారు.

గోడ మీది డబ్బా ఏం చూస్తుంది?

ఇండ్లలో వాడేవాటిలో ఎక్కువ భాగం పీఐఆర్ రకం సెన్సర్లు. వీటిలో కెమెరా ఉండదు, బొమ్మ పడదు, కాబట్టి పడకగదిలో పెట్టుకున్నా ఇబ్బంది లేదు. ఇవి పట్టేది ఒంటి వేడిని, దాని కథ పాతది. 1800లో విలియం హెర్షెల్ ఎండను పట్టకంతో రంగులుగా విడదీసి, ఎరుపు దాటాక కంటికేమీ కనబడని చోట పెట్టిన థర్మామీటర్ ఇంకా ఎక్కువ వేడెక్కడం గమనించాడు. ఆ కనబడని కిరణాలే పరారుణ కిరణాలు. మన ఒంటి నుంచీ, కుక్క ఒంటి నుంచీ అవి ఎప్పుడూ వస్తూనే ఉంటాయి, ముఖ్యంగా 9, 10 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర. పీఐఆర్ తానుగా దేన్నీ వెదజల్లదు, వచ్చేదాన్ని అందుకుంటుందంతే. కుక్కకూ పిల్లికీ దానివల్ల ఏ హానీ లేదు.

లోపల వేడికి స్పందించే రెండు చిన్న ముక్కలు పక్కపక్కన ఉంటాయి. ముందున్న గీతల గీతల తెల్ల ప్లాస్టిక్ మూత అందం కోసం పెట్టింది కాదు, అది చిన్న చిన్న కటకాల గుంపు. ఫ్రెనెల్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1820లలో సముద్రపు దీపస్తంభాల కోసం తయారుచేసిన కటకం ఇప్పుడు ఇలా మన హాల్లోకి వచ్చింది. ఆ కటకాలు గదిని పట్టీలు పట్టీలుగా విడగొడతాయి. వెచ్చని ఒళ్ళు ఒక పట్టీలోంచి ఇంకో పట్టీలోకి దాటితే ముందు ఒక ముక్క మీద, వెంటనే రెండోదాని మీద వేడి మారుతుంది. ఆ మార్పునే సెన్సర్ కదలికగా లెక్కేస్తుంది. అందుకే సోఫా కింద నిద్రపోతున్న కుక్క దానికి లేనట్టే. అందుకే సెన్సర్‌కు అడ్డంగా నడిచే మనిషి వెంటనే దొరుకుతాడు, సూటిగా దానివైపే వచ్చేవాడు కాస్త ఆలస్యంగా దొరుకుతాడు.

ఇక డబ్బా మీది కిలోల మాట. '25 కిలోల వరకు పెంపుడు జంతువులకు మోగదు' అని రాసి ఉంటుంది. సెన్సర్ దగ్గర తక్కెడ లేదు, అది కిలోలు తూచలేదు. తయారీదారు చెప్పేది ఇంతే: నేల మీద నడిచే ఆ పాటి జంతువు ఒకటో రెండో కింది పట్టీలను మాత్రమే తాకుతుంది, నిలబడ్డ మనిషి పైనా కిందా ఒకేసారి తాకుతాడు, ఆ తేడాను బట్టి నిర్ణయం జరుగుతుంది. 'నేల మీద నడిచే' అన్న మాట డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది, లేదా అసలే ఉండదు. నాలుగు కిలోల పిల్లి అల్మారా ఎక్కితే పై పట్టీలోకి వచ్చేసింది. 25 కిలోల హద్దులో 21 కిలోలు మిగిలే ఉన్నాయి, అయినా మోగుతుంది. పదిహేను కిలోల కుక్కలు రెండు ఆడుకుంటూ ఒకదాని మీద ఒకటి లేస్తే సెన్సర్ కంటికి అది ఒక పెద్ద శరీరం. బొచ్చు దట్టంగా ఉన్న పొమేరియన్ కన్నా పొట్టి వెంట్రుకల ఊరకుక్క ఒంటి వేడి బాగా బయటికి తెలుస్తుంది. కొనేటప్పుడు మీ కుక్క బరువుకు సరిగ్గా సరిపోయే హద్దు కాకుండా ఒక మెట్టు పైది తీసుకోవాలి. పిల్లి విషయంలో ఆ అంకెను పూర్తిగా మరిచిపోవచ్చు.

వారం రోజుల చిట్టా

మీ ఇంటి హాలూ, వంటిల్లూ, మెట్లూ ఒక కాగితం మీద గీయండి. బొమ్మ బాగుండక్కర్లేదు. వారం పాటు మీ పిల్లి లేదా కుక్క ఎక్కడ పడుకుంటుందో, ఏ దారిన నీళ్ళ గిన్నె దగ్గరికి పోతుందో, ఎక్కడెక్కడికి ఎక్కుతుందో గుర్తులు పెట్టండి. ఎత్తు కూడా రాయండి: సోఫా వీపు మూడడుగులు, కిటికీ గట్టు నాలుగడుగులు, ఫ్రిజ్ ఐదున్నర, సజ్జ ఏడు. పగలు మీరు ఇంట్లో ఉన్నప్పుడు అది చేసేది వేరు, రాత్రి చేసేది వేరు. పాత ఫోన్‌ను గోడకు ఆనించి ఒకట్రెండు రాత్రులు వీడియో తీస్తే మీకు తెలియని దారులు బయటపడతాయి. మెట్ల రెయిలింగ్ మీద నడిచే పిల్లులు మీరనుకున్నంత అరుదు కాదు.

వారం గడిచాక ఆ కాగితం మీద మీ జంతువు అస్సలు ఎక్కని, అయినా దొంగ దాటక తప్పని చోటు ఒకటి కనబడుతుంది. సాధారణంగా అది మెయిన్ డోర్ నుంచి బెడ్రూంల వైపు పోయే సన్నటి దారి. అక్కడ కుర్చీ ఉండదు, టేబుల్ ఉండదు, ఎక్కడానికేమీ ఉండదు. సెన్సర్ అక్కడ పెట్టాలి, మనిషి దానికి అడ్డంగా దాటేలా. హాలు మధ్యలో, అందరికీ కనబడేలా పెట్టించుకోవాలన్న సరదా పిల్లి ఉన్న ఇంట్లో మానుకోవాల్సిందే.

ఎత్తు విషయంలో తయారీదారు కాగితంలో ఏముంటే అదే పాటించండి. ఎక్కువగా ఏడు నుంచి ఎనిమిది అడుగులు చెబుతారు. ఎలక్ట్రీషియన్ "పైన పెడితే బాగా కవర్ అయితది సార్" అని తొమ్మిదడుగుల మీద బిగించి, కిందికి వంచి పోతాడు. వంచడంతోనే పై పట్టీలు నేల మీదికి దిగుతాయి, కుక్క మనిషిలా లెక్కకొస్తుంది. పెట్-ఇమ్యూన్, అంటే పెంపుడు జంతువులకు మోగదని రాసి ఉన్న దాన్ని నిటారుగానే బిగించాలి. సెన్సర్‌కు ఆరడుగుల లోపు పిల్లి ఎక్కగలిగింది ఏదీ ఉండకూడదు. మెట్లకు ఎదురుగా అసలు పెట్టొద్దు. మెట్ల మధ్యలో కూర్చున్న పిల్లి మనిషి ఛాతీ ఎత్తులో ఉంటుంది.

ఇంకో ఉపాయం చవకది. లెన్సు లోపలివైపు, కింది వరసల మీద నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటిస్తే ఆ పట్టీలు మూసుకుపోతాయి. కింద తిరిగే కుక్క ఇక కనబడదు. పాత మెకానిక్కులు మామూలు సెన్సర్‌ను నాలుగడుగుల ఎత్తులో తలకిందులుగా బిగించి, చూపంతా పైకే ఉండేలా చేస్తారు. రెండూ కుక్క ఉన్న ఇంట్లో పనికొస్తాయి. రెంటికీ మూల్యం కూడా ఒకటే: నేల మీద పాకుతూ వచ్చే దొంగను కూడా ఇవి వదిలేస్తాయి. కుక్కను చూసీచూడనట్టు వదిలేసే ఏ సెన్సర్‌కైనా ఈ లోపం కొంత ఉంటుంది. అలా పాకే దొంగ ఎంత అరుదో, ఊరికే మోగి ఆపేయబడ్డ అలారం ఎంత మామూలో పోల్చి చూస్తే నేను ఆ లోపానికి ఒప్పుకుంటాను.

చిన్న ఇండ్ల సంగతి వేరే చెప్పాలి. ప్రభుత్వం కట్టించిన డబుల్ బెడ్రూం ఇల్లు 560 చదరపు అడుగులు. అలాంటి ఇంట్లో 40 అడుగుల దూరం చూసే సెన్సర్ పెడితే వంటింటి గుమ్మం దాకా అన్నీ దాని పరిధిలోనే. అక్కడ పరిధి తగ్గించుకునే వీలున్నది కావాలి, లేదా గదిని నిలువు తెరలా ఒక్క పట్టీలోనే చూసే కర్టెన్ రకం కావాలి. ఇంజినీరింగ్ చదివే పిల్లలున్న ఇంట్లో హెచ్‌సీ-ఎస్‌ఆర్501 అనే చవక మాడ్యూల్ తెచ్చి ఏదో ఒకటి చేస్తుంటారు. దాని మీద రెండు మరలుంటాయి. ఒకటి దూరానికి, మూడు నుంచి ఏడు మీటర్ల దాకా. ఇంకోటి ఎంతసేపు ఆన్‌లో ఉండాలో చెప్పేది. మెట్ల దీపం వెలిగించడానికి అది భేషైన వస్తువు. సైరన్‌కు మాత్రం కలపనివ్వకండి, దానికి పిల్లికీ మనిషికీ తేడా తెలియదు.

ఎండాకాలం, కూలర్, బల్లి

విదేశీ పుస్తకాల్లో దొరకని కష్టాలు మనకు కొన్ని ఉన్నాయి. పీఐఆర్ చూసేది వేడిలో తేడాను. మనిషి చర్మం, బట్టల మీది వేడి 33, 34 డిగ్రీల దగ్గర ఉంటుంది. మే నెలలో సిద్దిపేటలో బయట 42 దాటిన రోజున, కిటికీలన్నీ మూసి తాళం వేసిన ఇంట్లో గోడలు కూడా దాదాపు మన ఒంటి అంత వేడిగా ఉంటాయి. తేడా లేకపోతే మనిషి నడిచినా సెన్సర్‌కు సరిగా తెలియదు. వేసవి సెలవులకు ఊరెళ్ళే రోజులు కూడా అవే. కాబట్టి ఉష్ణోగ్రతను బట్టి తనను తాను సర్దుకునేది, అంటే టెంపరేచర్ కాంపెన్సేషన్ ఉన్నది, అడిగి కొనాలి. అది లేనివాళ్ళు మే నెలలో సెన్సిటివిటీ పెంచుతారు, మళ్ళీ తగ్గించడం మరిచిపోతారు. డిసెంబరు తెల్లవారుజామున గది చల్లబడగానే పిల్లి ఒంటి వేడి కొట్టొచ్చినట్టు తెలిసి ఇల్లంతా మోగుతుంది. పిల్లిలో మార్పేమీ లేదు, మరను మే నెలలో ఎవరు తిప్పారో గుర్తుచేసుకోవాలి.

కూలర్‌కు ఎదురుగా సెన్సర్ పెట్టొద్దు. చల్లగాలి కర్టెన్‌ను ఊపుతుంది, గది వేడిని క్షణక్షణానికీ మారుస్తుంది. ఇంట్లో దండెం కట్టి బట్టలారేసే వానాకాలంలోనూ అదే తంటా. పూజగదిలో రెపరెపలాడే దీపం సెన్సర్ చూపులో పడకూడదు. పడమటి కిటికీలోంచి ఎండ నేల మీద పడి, మబ్బు వచ్చినప్పుడల్లా మారే చోటు కూడా మంచిది కాదు.

బల్లి గురించి ఏ డబ్బా మీదా రాయరు. ట్యూబ్‌లైట్ దగ్గర పురుగులు తినే బల్లి సరిగ్గా సెన్సర్ మూత మీద పాకితే, ఆ దగ్గరితనానికి అది కటకాన్నంతా మూసేస్తుంది. దాని ఒళ్ళు గది అంత చల్లగానే ఉన్నా, పట్టీలు మూసుకుని తెరుచుకోవడంతో లోపలికి అందే వేడి మారుతుంది. సాలీడు మూతకు గూడు కట్టినా అంతే. లైట్ పక్కన సెన్సర్ పెట్టకపోవడం, వెనక వైరు దూరిన రంధ్రాన్ని సిలికాన్‌తో మూయడం, నెలకోసారి మెత్తటి పొడిగుడ్డతో తుడవడం: ఈ మూడు పనులతో సగం దొంగ అలారాలు పోతాయి. పెంపుడు జంతువు మీదికి నెట్టే నేరాల్లో చాలావాటికి అసలు ముద్దాయి బల్లే.

కోతి మాట కూడా రావాలి. ఏడెనిమిది కిలోల కోతి వంటింటి కిటికీలోంచి దిగి ఫ్రిజ్ ఎక్కితే ఏ పెట్-ఇమ్యూన్ సెన్సరూ దాన్ని వదలదు. వదలకపోవడమే మంచిది. కోతి వచ్చిందంటే కిటికీ తెరిచి ఉందన్నమాట. అది మీకు తెలియాల్సిన కబురే.

తలుపుకు కాపలా ముందు

జంతువులున్న ఇంట్లో భారమంతా మోషన్ సెన్సర్ మీద వేయకూడదు. తలుపుకూ చౌకట్టుకూ బిగించే అయస్కాంతపు డోర్ సెన్సర్‌కు కుక్క, పిల్లి, బల్లి అనే బాధే లేదు. తలుపు తెరుచుకుంటే మోగుతుంది, లేకపోతే ఊరుకుంటుంది. మెయిన్ డోర్, వెనక డోర్, డాబా మీది డోర్, ఈ మూడింటికీ ముందు అవి పెట్టించి, ఆ తర్వాతే మిగిలిన డబ్బుతో ఒక్క మోషన్ సెన్సర్ కొనండి. రాత్రి అందరూ ఇంట్లో పడుకున్నప్పుడు డోర్ సెన్సర్లు మాత్రమే పనిచేసే మోడ్ దాదాపు ప్రతి అలారం ప్యానెల్‌లోనూ ఉంటుంది. పిల్లి రాత్రంతా తన ఇష్టం వచ్చినట్టు తిరగొచ్చు.

కాస్త ఎక్కువ పెట్టగలిగితే డ్యూయల్ టెక్నాలజీ రకం ఉంది. పీఐఆర్‌తో పాటు మైక్రోవేవ్ కూడా ఉంటుంది, రెండూ ఒప్పుకుంటేనే మోగుతుంది. దీపం రెపరెపలకూ ఎండ మరకలకూ ఇది మోసపోదు. మైక్రోవేవ్ పలచని గోడలనూ గాజునూ దాటి చూస్తుంది గనుక పక్క గదిలో తిరిగే ఫ్యాన్ వైపు దాన్ని తిప్పకూడదు. అల్మారా ఎక్కే పిల్లి వెచ్చగానూ ఉంటుంది, కదులుతూనూ ఉంటుంది, కాబట్టి అది రెండు పరీక్షలూ పాసవుతుంది. పిల్లి సమస్యకు ఇదే మందని అమ్మేవాడు చెబితే నమ్మకండి. అల్ట్రాసోనిక్ రకం మాత్రం వద్దే వద్దు. అవి దాదాపు 40 కిలోహెర్ట్జ్ దగ్గర శబ్దం పంపిస్తాయి. మన చెవికి 20తో సరి. కుక్కకు 45 దాకా, పిల్లికి 60 పైదాకా వినిపిస్తుంది. మీకు నిశ్శబ్దంగా ఉన్న ఇల్లు వాటికి రోజంతా గీపెడుతూ ఉంటుంది.

ఆంధ్రప్రదేశ్‌లో పోలీసులే ఈ పని తలకెత్తుకున్నారు. లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్, ఎల్‌హెచ్‌ఎంఎస్ అంటారు. ఊరెళ్ళేవాళ్ళు యాప్‌లో తేదీలు చెప్పి కోరితే, పోలీసులు వచ్చి ఇంట్లో కదలికను పట్టే కెమెరా పెడతారు. కదలిక వస్తే కబురు నేరుగా కంట్రోల్ రూమ్‌కు పోతుంది. అలాంటి ఏర్పాటు ఎక్కడ చేసుకున్నా పిల్లిని లోపల వదిలి పోవడం కుదరదు. మీ సొంత అలారమైతే విసిగేది మీరొక్కరే, అక్కడ మీ పిల్లి కోసం రాత్రి పూట కానిస్టేబుల్ బండి తీయాలి.

మనుషుల్లేని ఇంట్లో జంతువు

2023 అక్టోబరులో సిద్దిపేటకు రైలు వచ్చాక పొద్దున సికింద్రాబాద్ పోయి రాత్రికి తిరిగొచ్చే వీలు పెరిగింది. ఆ రోజంతా కుక్క ఒంటరిగా ఉంటుంది. సెన్సర్‌కు దొరకకూడదని దాన్ని పొట్టి గొలుసుతో కిటికీకి కట్టిపోయేవాళ్ళున్నారు. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం మరీ పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టిపెట్టడం నేరం. దానికి బదులు ఒక గది దానికి వదిలేయండి. నీళ్ళు, ఫ్యాన్, పడుకునే గోనె అక్కడే ఉంచి, ఆ గది తలుపుకు డోర్ సెన్సర్ పెట్టి, మోషన్ సెన్సర్‌ను మిగతా ఇంటికి పరిమితం చేయండి.

లోపల సైరన్ సాధారణంగా 100 డెసిబెల్స్ పైనే మోగుతుంది. ఒంటరిగా ఉన్న కుక్కను అది పిచ్చెక్కిస్తుంది, పిల్లి రెండు రోజులు మంచం కింది నుంచి రాదు. సైరన్‌ను గేటు వైపు బయట బిగించి, లోపలి కదలికకు ఫోన్‌కు కబురు మాత్రమే వచ్చేలా పెట్టుకోవచ్చు. కబురు రావాలంటే రౌటర్ వెలుగుతూ ఉండాలి, దాన్ని ఇన్వర్టర్ లైన్ మీదికి మార్పించండి. కరెంటు పోయి వచ్చాక పీఐఆర్ కుదురుకోవడానికి ఒక నిమిషం దాకా పడుతుంది. ఆ నిమిషంలో వచ్చే కబురును లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. మిగిలిన వేళల్లో కబురొస్తే కెమెరా చూసుకోండి, లేదా పక్కింటివాళ్ళకు ఫోన్ చేయండి. మనిషి కనబడితే మాత్రం వాళ్ళను లోపలికి పంపకుండా 112కు చేయండి.

జంతువుకు అన్నం పెట్టడానికి వచ్చే పక్కింటి పిల్లవాడికి మీ అలారం కోడ్ చెప్పకండి, వాడికి వేరే కోడ్ ఇవ్వండి. ఎప్పుడు వచ్చాడో, ఎప్పుడు పోయాడో కూడా మీకు తెలుస్తుంది. వాడొచ్చే ముందు రోజు మీ ఎదుటే ఒకసారి తలుపు తీయించి, ఆఫ్ చేయించి, మళ్ళీ ఆన్ చేయించండి. "ఏం కాదన్నా, నాకు వచ్చు" అంటాడు. అయినా చేయించండి.

బిగించిన రోజే వాక్ టెస్ట్ చేయాలి. సెన్సర్‌లో చిన్న ఎర్రలైటు వెలిగే మోడ్ ఉంటుంది. ముందు మీరు నడవండి, అడ్డంగా, సూటిగా, వంగి. తర్వాత బంతి విసిరి కుక్కను పరిగెత్తించండి, అది రెండు కాళ్ళ మీద లేచేలా బిస్కెట్ పైకెత్తి చూపండి. పిల్లికి ఎండుచేప ముక్క ఫ్రిజ్ మీద పెట్టండి. లైటు వెలిగిన ప్రతి చోటూ ఆ వారం చిట్టా కాగితం మీద గుర్తు పెట్టి, సెన్సర్‌ను జరపండి. ఎలక్ట్రీషియన్ ఇంట్లో ఉండగానే ఇది అయిపోవాలి, వెళ్ళాక మళ్ళీ రప్పించడం ఎంత కష్టమో మీకు తెలిసిందే.

లాబ్రడార్ పిల్లను తెచ్చుకున్నవాళ్ళు ఈ పరీక్షను మూడు నెలలకోసారి మళ్ళీ చేయాలి. తెచ్చిన రోజు అది ఒళ్ళో పడుకునే ఆరేడు కిలోల ముద్ద, ఏడాది తిరిగేసరికి సోఫా మీద ముంగాళ్ళు పెట్టి నిలబడే పాతిక ముప్పై కిలోల కుక్క. పోయిన దసరాకు సరిగ్గా పనిచేసిన సెట్టింగులు ఈ దసరాకు దానికి సరిపోవు.